చివరి అంకె

నేను ఒక ఇంధన పంపును. పంపునే అనాలో, ఒకప్పుడు పంపుగా ఉండేదాన్ని అనాలో నాకే తేలడం లేదు. ఎందుకంటే ఈ మాటలు చెబుతున్నది ఒక వస్తువు కాదు, దాని ముక్కలు. ఇనుప జాలీ తలుపున్న గదిలో, తాళం వేసిన రేకు పెట్టెలో పడి ఉన్నాను. పాత సామాన్లవాడికి తూకానికి అమ్మేస్తే పీడా పోతుందనుకుంటారేమో, కుదరదట. ముక్కలైనా సరే నన్ను గడప దాటించాలంటే అనుమతి రావాలట. అది ఇంకా రాలేదు. వచ్చేలోగా నా కథ చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంటున్నాను. అక్కర ఉంటే ఉండనీ, ఇంక నన్ను చేసేదేముంది?

చూడటానికి కొబ్బరికాయ కంటే కాస్త పెద్దగా ఉండేదాన్ని. హెలికాప్టరు టాంకులోంచి ఇంధనం లాగి ఇంజనుకి అందించడం నా పని. మీ వంటింట్లో గ్యాసు గొట్టం ఎంత ఆయుధమో నేనూ అంతే ఆయుధాన్ని. గురి చూడటం రాదు, గుండు పేల్చడం రాదు. కానీ నన్ను బిగించే హెలికాప్టరు సైన్యాల కోసం తయారైన రకం. అందుచేత నన్ను కూడా యుద్ధ సామగ్రి జాబితాలో చేర్చారు. సిపాయి ఇంట్లో ఉంది కాబట్టి చీపురుని కూడా సిపాయి అన్నట్టుంది ఈ లెక్క.

పుట్టింది ఒక చలిదేశంలో. పేరు చెప్పను. చెప్పకూడదని రాసుంది, ఆ ఒక్క నిబంధననైనా పాటించనివ్వండి. తెల్లగా నిగనిగలాడే గదిలో, చేతులకి తొడుగులు వేసుకున్న మనుషులు నన్ను కూర్చి, తిప్పి, కొలిచి, బాగుందన్నారు. చివర్లో నా పక్కన బొటనవేలంత రేకు పలక అతికించి దానిమీద నంబరు చెక్కారు. చెక్కే సూది అరిగిపోయిందో ఏమో, చివరి అంకె దగ్గరికొచ్చేసరికి గీత పైపైనే పడింది. అది ఎనిమిది. అప్పుడే భోజనాల గంట మోగింది, ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. తిరగడం వస్తే చాలదా, నంబరుతో నాకేం పని అనుకున్నాను.

నన్ను అమ్మినప్పుడు నాతోపాటు ఒక షరతు కూడా అమ్మారు. కొన్నవాళ్ళు నన్ను వాడుకోవచ్చు, అంతే. ఇంకొకరికి ఇవ్వాలన్నా, బాగుచేయించడానికి మరో దేశానికి పంపాలన్నా, అక్కణ్ణుంచి వెనక్కి తెచ్చుకోవాలన్నా నా పుట్టింటి దేశం లైసెన్సు ఇవ్వాలి. కొన్న దేశం తన లైసెన్సు తను ఇవ్వాలి. బాగుచేసే దేశానిది మరొకటి. పెళ్ళి చేసి పంపేసిన పిల్ల మీద కూడా మీ ఇళ్ళలో ఇంత పెత్తనం చేయరు. ఆ షరతుని అప్పట్లో నేను గొప్పగానే తీసుకున్నాను. నా గురించి ఇంతమంది ఆలోచిస్తున్నారంటే నేనెంత విలువైనదాన్నో అని మురిసిపోయాను.

అలా షరతుతో సహా ఉత్తరాంధ్ర తీరంలో ఒక హెలికాప్టర్ల స్థావరానికి చేరాను. స్థావరం పక్కనే మరమ్మతుల షెడ్డు ఉంది, అది ఒక ప్రైవేటు కంపెనీది. అక్కడ నన్ను మొదట చేతిలోకి తీసుకున్న మనిషి మెకానిక్కు బెవర అప్పలసూరి. శ్రీకాకుళం వైపువాడు. ఎంత కడిగినా వేళ్ళ సందుల్లో నూనె నలుపు పోదు. నన్ను బిగించేటప్పుడు ఊరికే ఉండడు, నాతో మాట్లాడతాడు.

"గట్టిగా పట్టుకోవాల నాయమ్మా. పైకెల్లాక అలిగితే నానొప్పుకోను" అనేవాడు.

చలిదేశంలో నాతో ఎవరూ మాట్లాడలేదు. ఆ గది అద్దంలా ఉండేది, నిజమే. కానీ ఈ షెడ్డు నాకు నచ్చింది. చేపల వాసన, సముద్రపు గాలి, మధ్యాహ్నం అప్పలసూరి కూనిరాగాలు, అన్నీ నచ్చాయి.

హెలికాప్టరు కడుపులో ఉన్నదానికి ఏమీ కనిపించదు. వినిపిస్తుంది, అంతే. ఒక వేసవి చివర్లో తుఫాను వచ్చింది. సముద్రంలో ఒక బోటు తిరగబడిందని కబురు రాగానే మమ్మల్ని లేపారు. గాలి మమ్మల్ని అటూ ఇటూ విసురుతోంది. తాడు కిందికి వదిలి మనుషుల్ని పైకి లాగే అతను "ఇంకొకడున్నాడు, ఇంకొకడున్నాడు" అని అరుస్తున్నాడు. నేను తిరుగుతూనే ఉన్నాను. ఆ ఒక్కరోజు నేను ఎందుకు పుట్టానో నాకు బాగా తెలిసింది. ఆఖరున పైకొచ్చినవాడు ఉప్పునీళ్ళు కక్కుకుని, కళ్ళు తెరవగానే "బోటేటైపోనాది?" అని అడిగాడు. ప్రాణం దక్కినవాడు ప్రాణం గురించి అడుగుతాడనుకున్నాను. మనుషులు చిత్రమైనవాళ్ళు.

అతని పేరు దానయ్య. అతని తల్లి పోలమ్మ రోజూ మా షెడ్డు గేటు దగ్గర చేపల గంప దించుకుని కూర్చునే మనిషే. అప్పలసూరి ఆవిణ్ణి అప్పా అని పిలుస్తాడు. బేరం దగ్గర మాత్రం అప్పా లేదు, తమ్ముడూ లేదు, ఇద్దరూ కొట్టుకునేంత పనిచేస్తారు. తుఫాను తర్వాత తనిఖీకి నన్ను విప్పి బల్లమీద పెట్టిన రోజున, తల్లీ కొడుకులిద్దరూ పెద్ద కోనాం చేపని ఆకుల్లో చుట్టి తెచ్చారు. ఆ రోజు బేరం లేదు.

"ఏ ఎలీకాప్టరు తమ్ముడా నా గుంటణ్ణి తెచ్చినాది?" అని పోలమ్మ అడిగింది. అప్పలసూరి చూపించాడు. ఆవిడ దాని దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నేను ఆ సమయంలో బల్లమీద ఉన్నాను కాబట్టి ఆ దండం నాకు తగల్లేదు. కాస్త ఉడుక్కున్నాను కూడా.

దానయ్య నవ్వుతూ "ఇంక బయ్యం నేదు మావా. ఏటైనా అయితే మీరొచ్చేత్తారు గదా" అన్నాడు.

ఆ మాటకి అప్పుడు నాకు గర్వమేసింది. ఎవరైనా అతనికి అప్పుడే చెప్పవలసింది, మేం వస్తామో రామో మా చేతిలో లేదని.

అది ఎవరి చేతిలో ఉందో తెలిసిన మనిషి ఆ షెడ్డులో ఒక్కతే, విశాలాక్షి. కాకినాడ నుంచి వచ్చింది. అద్దాల గదిలో కూర్చుని, మాలాంటివాటికి లైసెన్సులు తెప్పించడం ఆవిడ ఉద్యోగం. ఏ భాగం ఏ దేశం మీదుగా వెళ్ళొచ్చో, ఎక్కడ ఎవరి ముద్ర పడాలో ఆవిడకి కంఠతా వచ్చు. ఆవిడ పంపిన పెట్టె ఒక్కటి కూడా ఎక్కడా ఆగలేదని కంపెనీలో చెప్పుకునేవారు. తెలిసి తెలిసి ఒక గీత దాటదు. ఆ గుణమే కొంప ముంచిందని తర్వాత కొందరన్నారు. నేను మాత్రం అనను.

కొన్నేళ్ళు తిరిగాక నా లోపల, ఇంధనం కారకుండా ఆపే సీలు ఒకటి అరిగింది. చిన్న మరమ్మతు. అప్పలసూరికి ఇస్తే టీ చల్లారేలోగా చేసేవాడు. కానీ నన్ను విప్పే హక్కు అతనికి లేదు. పుట్టింటివాళ్ళు ఒప్పుకున్న మరమ్మతు కేంద్రానికే పంపాలి, అదేమో మూడో దేశంలో ఉంది. వర్షాకాలం పొడుగునా విశాలాక్షి ఆ మూడు దేశాలతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపింది. తుఫాన్ల నెలలు ముదిరేలోగా నేను వెళ్ళి తిరిగి రావాలని ఆవిడ తాపత్రయం. నేను వచ్చేదాకా నా స్థానంలో ఒక పాత పంపుని బిగించారు. ఆ తీరం పొడుగునా అలాంటి పనికి ఎగిరే హెలికాప్టరు మాదొక్కటే. లైసెన్సులన్నీ సరిగ్గా దసరాల్లో చేతికొచ్చాయి. నన్ను తుడిచి, పెట్టెలో పెట్టి, మూత బిగించారు.

మర్నాడు ఆయుధపూజ.

ఆ పండగ ఒక్కసారైనా చూస్తే గాని తెలియదు. స్పానర్లకి బొట్టు, బల్లకి బొట్టు, గాలి కొట్టే యంత్రానికి బొట్టు, విశాలాక్షి కంప్యూటరుకి కూడా బొట్టు. మామిడాకులు, నిమ్మకాయలు, గుమ్మం ముందు పగలగొట్టిన గుమ్మడికాయ. అప్పలసూరి గంధం గిన్నె పట్టుకుని ఒక్కొక్క వస్తువు దగ్గరా ఆగుతూ వచ్చి, నా పెట్టె దగ్గర నిలబడిపోయాడు. తర్వాత మూత విప్పడం మొదలుపెట్టాడు.

"సూరిగారూ, అది ప్యాక్ చేసేశాం కదండీ" అంది విశాలాక్షి.

"అన్నిటికీ ఎట్టి దీనికెట్టకపోతే ఎలగండి మేడంగారూ? దూరం ఎల్లేది ఇదే గదా."

ఆవిడ నవ్వేసింది. పండగపూట కాదనే మనసు ఎవరికుంటుంది? అప్పలసూరి నన్ను పైకి తీసి, ఎక్కడ పెట్టాలా అని నా చుట్టూ చూశాడు. మనిషికైతే నుదురుంటుంది. నాలో నుదురులా కనిపించింది నంబరు పలకే. గంధం పూసి, నూనెలో తడిపిన కుంకుమ పెద్ద రూపాయంత పెట్టాడు. అది సరిగ్గా చివరి అంకె మీద పడింది. అందరూ నన్ను మధ్యలో పెట్టుకుని ఫోటో దిగారు. పుట్టింటివాళ్ళూ నన్ను ఆయుధమే అన్నారు, వీళ్ళూ ఆయుధమే అన్నారు. అక్కడ ఆ మాటకి లైసెన్సు, ఇక్కడ అదే మాటకి హారతి. నిజం చెప్పొద్దూ, హారతే బాగుంది.

తెల్లారాక పెట్టె మూసేముందు విశాలాక్షి మరోసారి చూసింది. భాగం మీద పై మరకలేవీ ఉండకూడదని లైసెన్సులో రాసుంది. స్పిరిట్‌తో తుడిచింది, గంధం పోయింది గాని అంకె గీతల్లో ఎరుపు దిగిపోయింది. అప్పలసూరి ఎమరీ పేపరు తెచ్చి మెత్తగా రుద్దాడు. ఎరుపు పోయింది. దాంతోపాటు పైపైన ఉన్న గీత కూడా ఎడమవైపు చెరిగిపోయింది. అతను బల్ల సొరుగులోంచి అంకెల పంచ్ తీసి, సుత్తి అందుకున్నాడు.

"ఒక్క దెబ్బండి. ఉన్న అంకెనే మల్లీ కొట్టేత్తాను."

విశాలాక్షి అతని చెయ్యి పట్టుకుంది. "వద్దు సూరిగారూ! నంబరు మళ్ళీ చెక్కితే నేరం. దొంగ సరుకు చేసేవాళ్ళు చేసే పని అది. ఉన్నదున్నట్టు పంపిద్దాం. ఇలా ఏటవాలుగా పెట్టి చూడండి, కనిపిస్తోంది కదా?"

ఇద్దరూ నన్ను కిటికీ వెలుతురుకి వంచి చూశారు. ఎనిమిది అన్నాడు అతను. ఎనిమిదే అంది ఆవిడ. వాళ్ళు అబద్ధమాడలేదు. అది ఎనిమిదని ముందే తెలిసినవాళ్ళకి ఎనిమిదిగానే కనిపిస్తుంది. ఆ సంగతి మా ముగ్గురికీ తట్టలేదు.

మూడో దేశపు కస్టమ్స్ గిడ్డంగిలో నన్ను పెట్టెలోంచి తీసిన అధికారిణి పేరు మార్తా. నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే భూతద్దం. ఆవిడకి నేను ఎనిమిదినని ముందే తెలియదు. చూసింది, చూసింది, మళ్ళీ చూసింది.

"మూడా, ఎనిమిదా?" అని తనని తనే ప్రశ్నించుకుని, లైసెన్సు పక్కన పెట్టి నన్ను బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఆవిణ్ణి తిట్టిపోద్దామని నాకూ ఉంది. కానీ ఆ బీరువాలో నా ఇరుగుపొరుగుల్ని చూశాక నోరు పెగల్లేదు. పక్క పెట్టె మీద ట్రాక్టరు విడిభాగాలని రాసుంది. లోపలున్నవి ట్రాక్టరుని పుట్టి ఎరగనివి. పై అరలో ఉన్న గురిచూసే అద్దం మూడు పేర్లతో మూడు దేశాలు తిరిగొచ్చింది. దాని కంట్లోకి చూడటానికే నాకు భయమేసింది. మేమంతా ఒకే జాబితాలో ఉన్నాం. మనుషుల్ని పైకి లాగినదీ, మనుషుల మీదికి గురిపెట్టినదీ ఒకే తాళం కింద ఉన్నాం.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. మార్తా ఫోను బల్లమీద పెట్టి మాట్లాడేది కాబట్టి విశాలాక్షి గొంతు నాకు వినిపించేది. మొదట్లో ఆ గొంతు మర్యాదగా ఉండేది, రానురాను బతిమాలడంలోకి దిగింది.

"మేడమ్, ఇక్కడ తుఫాన్ల కాలం వచ్చేసింది. దాని బదులు వేసిన పాత పంపు పరీక్షలోనే ఆగిపోయింది. హెలికాప్టరు నేలమీద ఉంది. కొత్త పంపు కావాలంటే మళ్ళీ లైసెన్సు, వచ్చేసరికి ఏడాది దాటుతుంది. మా జాలర్లు సముద్రంలో ఉన్నారు. దయచేసి అర్థం చేసుకోండి."

"మీరు నిజమే చెబుతున్నారని నాకనిపిస్తోంది" అంది మార్తా. "అనిపించినదాని మీద నేను సంతకం పెట్టలేనమ్మా. ఒకసారి పెట్టాను. అరిగిన నంబరు, మంచి కంపెనీ, బతిమాలే గొంతు, అన్నీ ఇలాగే ఉన్నాయి. ఆ భాగం తర్వాత ఎక్కడో యుద్ధంలో కూలిన విమానంలో దొరికింది. ఆ విమానం కూలేముందు ఒక సంత మీద బాంబులు వేసి వచ్చింది."

తర్వాత విశాలాక్షి, పంపేముందు తీసిన ఫోటో ఉందని, పంపిస్తానని అంది. ఫోటో వచ్చింది. మార్తా తెరమీద పెద్దది చేసింది. అందరూ నవ్వుతున్నారు. మధ్యలో నేను. పలక మీద గుండ్రంగా, ఎర్రగా.

"ఈ ఎర్రటిదేమిటి?"

"అది మా పూజ, మేడమ్. బొట్టు."

"దాని కింద ఏముంది?"

"ఎనిమిది" అంది విశాలాక్షి. ఆ ఒక్క మాట అనడానికి ఆవిడకెంత కష్టమైందో గొంతులో తెలిసిపోయింది. మార్తా భూతద్దం తీసి బల్లమీద పెట్టి, కళ్ళు నులుముకుంది. ఆవిడకీ బాధగానే ఉంది. బాధ పడటానికి ఏ దేశంలోనూ లైసెన్సు అక్కర్లేదు కాబట్టి అందరూ దండిగా పడ్డారు.

నన్ను గుర్తుపట్టే దారి ఒకటుంది. నా లోపలి భాగాల మీద తయారీవాళ్ళ రహస్య గుర్తులున్నాయి. పుట్టింటికి పంపితే విప్పి చూసి చెప్పేస్తారు. కానీ పుట్టింటికి పంపాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు మీద నంబరు ఉండాలి. నంబరు ఏమిటో తేలాలంటే పుట్టింటికి పంపాలి. ఇది వింటే మీకు నవ్వొస్తుంది. మొదట నాకూ వచ్చింది. బీరువాలో చీకట్లో అదే మాట మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటూ కూర్చుంటే నవ్వు పోయింది. వాన చప్పుడు వినిపించినప్పుడల్లా, ఇది ఈ ఊరి వానేనా, మా తీరంలో కూడా కురుస్తోందా అని గుబులు పట్టేది. దానయ్య బోటెక్కాడా, ఇంటి దగ్గరే ఉన్నాడా? నన్ను ఇక్కడ పెట్టుకున్నవాళ్ళకి అతని పేరు కూడా తెలియదు.

ఒక దశలో ఫోన్లు ఆగిపోయాయి. విశాలాక్షి మరి పిలవలేదు. నేను సంతోషపడ్డాను. ఎక్కడో మరో పంపు దొరికి ఉంటుంది, హెలికాప్టరు లేచి ఉంటుంది, ఇక నాతో పని లేదు కాబట్టి వదిలేశారనుకున్నాను. వదిలేసినందుకు చిన్నబుచ్చుకున్నాను కూడా. నా తెలివి అంతవరకే.

చివరికి మూడు దేశాలూ కలిసి ఒక నిర్ణయానికొచ్చాయి. నేనెవరో రుజువు కాలేదు కాబట్టి నన్ను బాగుచేయకూడదు, ఎక్కడా బిగించకూడదు. పంపినవాళ్ళే వెనక్కి తీసుకెళ్ళి, ఒక అధికారి ఎదుట నాశనం చేసి, ఫోటోలు పంపాలి. లేకపోతే ఆ షెడ్డుకి ఇక ఏ లైసెన్సూ రాదు. చావడానికి వెనక్కి పంపేందుకు మాత్రం అనుమతి తొందరగానే వచ్చింది. దానిమీద నా పేరు 'గుర్తింపు నిర్ధారణ కాని భాగం' అని రాశారు.

మా షెడ్డులో పెట్టె మూత తెరుచుకున్నప్పుడు మొదట సముద్రపు గాలి తగిలింది. ప్రాణం లేచొచ్చింది. తర్వాత అప్పలసూరి మొహం కనిపించింది. అతను నన్ను ఎత్తి బల్లమీద పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. గేటు వైపు చూశాను. చేపల గంప లేదు.

ఏం జరిగిందో వాళ్ళూ వీళ్ళూ అనుకునే మాటల్లో తెలిసింది. దీపావళి వెళ్ళాక వాయుగుండం పట్టింది. దానయ్య వాళ్ళ బోటు అప్పటికే లోతుకి వెళ్ళి ఉంది. తిరిగొస్తుంటే ఇంజను ఆగిపోయింది. రేడియోలో పిలిచారు. వాళ్ళ పిలుపు స్థావరానికి చక్కగా అందింది. హెలికాప్టరు షెడ్డులో ఉంది, పైలట్లు దాని పక్కనే నిలబడి ఉన్నారు. వేరే తీరంలో, దూరంగా ఉన్న స్థావరం నుంచి సాయం బయల్దేరింది గాని గాలి అడ్డం తిరిగింది. అది చేరేసరికి తెల్లవారింది. ఐసు పెట్టెల మూతలు పట్టుకుని తేలుతున్నవాళ్ళు దొరికారు. దానయ్య దొరకలేదు. హెలికాప్టరు వస్తుంది, వస్తుందని మిగిలినవాళ్ళకి అతనే ధైర్యం చెప్పాడట. ఆ మాట దగ్గరే విశాలాక్షి లేచి అద్దాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

నాకు ఏడుపు రాదు. కారడం తెలుసు. అరిగిన సీలులోంచి బల్లమీద కాస్త పాత ఇంధనం కారింది, ఎవరో గుడ్డతో తుడిచేశారు.

నాశనం చేసే రోజు సాక్షి సంతకానికి ఒక అధికారి వచ్చాడు. పెద్ద హైడ్రాలిక్ ప్రెస్ కింద నన్ను నిలబెట్టారు. ఫోటో తీయడానికి విశాలాక్షి ఫోను పట్టుకుంది. మీట దగ్గర అప్పలసూరి. అప్పుడు గుమ్మంలో అలికిడైంది. పోలమ్మ. చేతిలో గంప లేదు, ఒంటి మీద వెలిసిపోయిన చీర. కాపలావాడు ఆవిణ్ణి ఆపలేకపోయాడు, ఆపే మొహం కూడా లేదు.

"అదేనా తమ్ముడా, రానిది?"

అప్పలసూరి తలూపాడు. ఆవిడ దగ్గరికొచ్చి నన్ను చూసింది.

"ఇంతేనా! శానా పెద్దదనుకున్నాను." కాస్త ఆగింది. "పాడైపోనాదేటి?"

"నేదప్పా. సిన్న మరమ్మత్తు. సేసుకుంటే తిరుగుతాది."

"మరెందుకు నలిపేత్తన్నారు?"

అప్పలసూరి విశాలాక్షి వైపు చూశాడు. ఆవిడే చెప్పింది. "దీని నంబరులో ఒక అంకె చెరిగిపోయిందమ్మా. ఇది మేం పంపినదేనని రుజువు చేయలేకపోయాం."

"మీకు తెలీదేటి, ఇది మీదేనని?"

"తెలుసమ్మా. మాకందరికీ తెలుసు. మేం చెబితే చాలదట."

పోలమ్మ నా మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుగా, గరుకుగా ఉంది.

"పూడిమడక కాడ నా గుంటడు ఒడ్డుకి కొట్టుకొచ్చినాడు మేడంగారూ. మొకం నేదు. సేపలు తినేసినాయి. ఎవులమ్మా ఈడు అని పోలీసోలు అడిగినారు. నాను కాలు సూసినాను. సిన్నప్పుడు గాలం గుచ్చుకున్న మచ్చుంది. నా కొడుకే బాబూ అన్నాను. ఆలు రాసుకున్నారు. మరింకేటీ అడగనేదు, ఇచ్చీసినారు." ఆవిడ గొంతు ఎక్కడా పెరగలేదు. "నానొక్కదాన్ని సెప్తే మనిసినే ఇచ్చీసినారు గదా. మీరిందరు సెప్పినా దీన్నివ్వనేదేటి?"

సంతకానికి వచ్చిన అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అలాగే ఉండిపోయాడు. విశాలాక్షి చేతిలో ఫోను కిందికి వాలిపోయింది. "నేనే వద్దన్నానమ్మా" అంది. "ఆయన మళ్ళీ కొట్టేస్తానన్నారు. చెయ్యి పట్టుకుని నేనే ఆపాను." ఆ మాట ఆవిడ ఏ దేశానికీ చెప్పుకోలేదు. అప్పలసూరి మీట మీంచి చెయ్యి తీసేసి నేలమీద కూలబడ్డాడు.

"నా వొల్ల కాదప్పా. బొట్టెట్టిన సేత్తో నాను నొక్కనేను."

నన్ను ఇక్కడికి రప్పించడానికి, అక్కడికి పంపడానికి, ఆపడానికి, చంపడానికి ఎందరో సంతకాలు పెట్టారు. ఎవరి కొడుకు కోసం నేను తిరగాలో ఆవిణ్ణి మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆవిడ తిడుతుందనుకున్నాను. దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను. పోస్తే బాగుండేది, అందరికీ కాస్త తేలికయ్యేది.

పోలమ్మ వంగి, అప్పలసూరి భుజం పట్టుకుని పైకి లేపింది.

"లెగు తమ్ముడా. నీ పని నువ్వు కానియ్. నా గుంటణ్ణి కాల్సినప్పుడు నాను నిలబడి సూడనేదేటి?"

అతను మీట మీద చెయ్యి వేశాడు. విశాలాక్షి ఫోను పైకెత్తింది. పోలమ్మ నాకెదురుగా వచ్చి నిలబడింది. ప్రెస్ కిందికి దిగి నన్ను తాకేదాకా, తాకి నేను విరిగేదాకా, ఆవిడ నా మీంచి చూపు తిప్పలేదు.